అత్తగారి తల్లి వైపు వంశం: మేయో కౌంటీ, యు5బి, ఒక క్లీవ్‌లాండ్ మ్యాచ్

లిఫీ_గోదారి
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, ఉండేది డబ్లిన్‌లో. మా ఆవిడ ఐరిష్. వాళ్లమ్మగారిది మేయో కౌంటీ, పడమటి తీరంలోని అకిల్ ద్వీపం. ఆవిడకి డెబ్బై దాటాయి. పోయిన క్రిస్మస్‌కి పిల్లలంతా కలిసి మైటోకాండ్రియల్ డీఎన్ఏ కిట్ కొనిచ్చారు, పూర్తి సీక్వెన్స్ చదివేది. బుగ్గ లోపల బ్రష్‌తో గీకి పోస్టులో పంపారు. తల్లి వైపు వంశం యు5బి అని ఫలితం వచ్చింది. కంపెనీ పేజీలో "యూరప్ తొలి వేటగాళ్ల వంశం" అని ఒక బొమ్మ, దాని పక్కన మంచు, జింకలు. అంతే, ఆదివారం చర్చి నుంచి బయటికొచ్చిన ప్రతి ఒక్కరికీ "మేం పదివేల ఏళ్లుగా ఇక్కడే ఉన్నాం" అని చెప్పేస్తున్నారు. మా బావమరిది అదంతా వ్యాపారం అంటాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

ఇంకో విషయం. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో ఉండే ఒకావిడతో ఒక్క అక్షరం కూడా తేడా లేని మ్యాచ్ వచ్చింది. మా అత్తగారి తాతమ్మకి, అంటే అమ్మమ్మ తల్లికి, ఒక అక్క ఉండేదని, కరువు రోజుల తర్వాత అమెరికా వెళ్లిపోయిందని, కొన్నాళ్లకి ఉత్తరాలు ఆగిపోయాయని వాళ్లింట్లో చెప్పుకుంటారు. ఈవిడ ఆ అక్క సంతతేనా? పదివేల ఏళ్ల మాట నమ్మొచ్చా? మా పిల్లలకి ఇందులో ఏం వస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

కర్నూల్_కిట్టు
అన్నా, జింకల బొమ్మకే డబ్బులు తీసుకున్నట్టున్నారు 😀

జీన్స్_మాస్టారు
చివరి ప్రశ్న తేలిక కనక ముందు అది చెబుతాను. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే పిల్లలకి వస్తుంది. మీ పిల్లలకి ఉన్నది మీ అత్తగారిదే. కొడుకులైతే వాళ్ల దగ్గర ఆగిపోతుంది, కూతుళ్లైతే ముందుకెళ్తుంది. రాజమండ్రి నుంచి మీరు తెచ్చుకున్నది మీతోనే ఆఖరు.

ఇక పదివేల ఏళ్ల సంగతి. ఆ డీఎన్ఏలో మొత్తం 16,569 అక్షరాలు. అవి చాలా నెమ్మదిగా మారతాయి, అందుకే వేల ఏళ్ల వెనక్కి చూడగలుగుతున్నాం. కానీ చూసేది ఒకే గీత: అమ్మ, అమ్మమ్మ, ఆమె తల్లి, ఆమె తల్లి. పది తరాలు వెనక్కి వెళ్తే మీ అత్తగారి పూర్వీకుల పట్టికలో 1,024 స్థానాలుంటాయి. ఈ టెస్టు చెప్పేది వాళ్లలో ఒక్కామె గురించి. మిగిలిన 1,023 మంది ఎక్కడివాళ్లో దీనికి తెలియదు. "మేం" అనే మాట అక్కడే తేలిపోతుంది.

ఆ ఒక్కామె వంశమైనా అకిల్‌లో పదివేల ఏళ్లుగా ఉందా అంటే, అదీ చెప్పలేం. ఐర్లండ్‌లో మనుషులు స్థిరంగా ఉన్న ఆధారాల్లో పాతది ఉత్తరాన మౌంట్ శాండెల్, సుమారు క్రీ.పూ. 7700. ఐర్లండ్ పాత వేటగాళ్లలో యు5బి ఉంది, నిజమే. కానీ అదే యు5బి ఆ కాలంలో స్పెయిన్ నుంచి జర్మనీ దాకా ఉన్న వేటగాళ్లలోనూ ఉంది. క్రీ.పూ. 4000 దాటాక వ్యవసాయం చేసేవాళ్లు సముద్రం మీద ఐర్లండ్ వచ్చారు. వాళ్ల మూలాలు టర్కీ వైపు. అయితే యూరప్ మీదుగా నడిచొచ్చిన రెండు మూడు వేల ఏళ్లలో దారిలో ఉన్న వేటగాళ్ల ఆడపిల్లలు కూడా ఆ గుంపుల్లో కలిశారు. క్రీ.పూ. 2500 ప్రాంతంలో మూడో గుంపు వచ్చింది, స్టెప్పీ మైదానాల (ఉక్రెయిన్, రష్యా వైపు గడ్డి భూములు) రక్తం ఉన్నవాళ్లు. వాళ్లలోనూ యు5 ఉంది, యు5బి దాని కొమ్మే. మీ అత్తగారి యు5బి ఈ మూడు పడవల్లో ఏదైనా ఎక్కి ఉండొచ్చు.

లిఫీ_గోదారి
మాస్టారూ, మూడు గుంపులన్నది ఎముకలు చూసి తేల్చిందా, ఊహా?

జీన్స్_మాస్టారు
ఎముకలే. చెవి లోపలి భాగం చుట్టూ ఉండే గట్టి ఎముకలో పాత డీఎన్ఏ బాగా నిలుస్తుంది. దాన్ని పొడి చేసి చదువుతారు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో డాన్ బ్రాడ్లీ, లారా కాసిడీ బృందం 2016లో ఒక పేపర్ వేసింది. అందులో నలుగురు మనుషులు. ఒకామె బెల్‌ఫాస్ట్ దగ్గర బాలీనాహట్టిలో 1855లో బయటపడ్డ స్త్రీ, 5,000 ఏళ్ల కిందటిది. నల్లటి జుట్టు, గోధుమరంగు కళ్లు. ఇవాళ్టి వాళ్లలో ఆమెకి దగ్గరగా కనిపించేది స్పెయిన్, సార్డీనియా జనం. మిగతా ముగ్గురు మగవాళ్లు రాథ్లిన్ ద్వీపంలో దొరికారు, దాదాపు 4,000 ఏళ్ల కిందటివాళ్లు. 2006లో ఒక పబ్బు వెనకాల దారి కోసం నేల చదును చేస్తుంటే బయటపడ్డ సమాధులు. వీళ్లు ఇప్పటి ఐరిష్ వాళ్లకి చాలా దగ్గర.

మీకు పనికొచ్చేది ఇప్పుడు వస్తుంది. ఆ రాథ్లిన్ ముగ్గురిలో ఇద్దరి మైటోకాండ్రియా యు5. మొత్తం జీనోమ్ చూస్తే స్టెప్పీ వలసలు కళ్లకు కడుతున్నాయి, తల్లి గీత మటుకు "తొలి వేటగాళ్ల" గుర్తు మోస్తోంది. వాళ్లకి గనక కిట్ పంపించి ఉంటే వాళ్లకీ ఆ మంచూ జింకల బొమ్మే వచ్చేది.

లిఫీ_గోదారి
ఇది రేపు డిన్నర్ దగ్గర చదివి వినిపిస్తాను. రాథ్లిన్ వాళ్లలో ఒకరికి ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బు, హీమోక్రొమటోసిస్, దాని తాలూకు మార్పు ఉందని ఎక్కడో చదివాను. మా అత్తగారి తమ్ముడికి ఆ జబ్బు ఉంది. అది కూడా తల్లి వైపు నుంచేనా?

జీన్స్_మాస్టారు
ఉంది, సీ282వై అనే మార్పు. కానీ అది న్యూక్లియర్ డీఎన్ఏలో ఉంటుంది, తల్లి వైపు నుంచైనా తండ్రి వైపు నుంచైనా రావచ్చు. జబ్బు రావాలంటే మామూలుగా రెండు కాపీలూ ఉండాలి, అంటే ఇద్దరి నుంచీ ఒక్కొక్కటి. ఐర్లండ్‌లో ఆ మార్పు చాలా ఎక్కువ. మైటోకాండ్రియా టెస్టుతో దీనికి సంబంధం లేదు. మీ ఆవిడని వేరే పరీక్ష చేయించుకోమనండి, అది మాత్రం వాయిదా వేయకండి.

కర్నూల్_కిట్టు
నల్ల జుట్టు ఐరిష్ వాళ్లంతా స్పానిష్ ఆర్మడా ఓడలు మునిగినప్పుడు ఒడ్డుకు చేరిన నావికుల సంతతి అని నా కొలీగ్ బల్లగుద్ది చెబుతాడు. ఆ బాలీనాహట్టి ఆవిడకి స్పెయిన్ పోలిక అన్నారుగా, అంటే వాడు రైటేనా?

పాతరికార్డుల_పద్మ
కిట్టూ, ఆర్మడా, అంటే ఇంగ్లండ్ మీదికి స్పెయిన్ పంపిన ఓడల దండు, వచ్చింది 1588లో. బాలీనాహట్టి ఆవిడ అంతకు నాలుగున్నర వేల ఏళ్ల ముందే పోయింది. పైగా ఓడల్లో వచ్చింది మగవాళ్లు. వాళ్లు ఎంతమందిని కన్నా ఒక్కరికీ మైటోకాండ్రియా ఇవ్వలేరు. మేయోలో బ్లాక్‌సాడ్ దగ్గర నిజంగానే ఒక పెద్ద ఓడ నేలకెక్కింది. బతికినవాళ్లు వేరే ఓడ వెతుక్కుని వెళ్లిపోయారు, కాపురాలు పెట్టలేదు.

లిఫీ గారూ, మీ క్లీవ్‌లాండ్ సంగతి నాకు బాగా ఆసక్తిగా ఉంది. నేను గాల్వేలో ఉంటాను, సెలవు రోజుల్లో నా కాలక్షేపం ఇదే. అకిల్ నుంచి క్లీవ్‌లాండ్‌కి వలస చాలా పెద్దది, ఇప్పటికీ రెండు ఊళ్లకీ రాకపోకలున్నాయి. 1883, 1884లో బ్లాక్‌సాడ్ నుంచే పేదలకి టికెట్ డబ్బులిచ్చి అమెరికా, కెనడాలకి ఓడల్లో పంపారు. టైమ్ సరిపోతోంది. కానీ "ఒక్క అక్షరం తేడా లేదు" అన్నది చూసి తొందరపడొద్దు. పూర్తి సీక్వెన్స్ అచ్చంగా కలిసినా, ఇద్దరికీ కలిసే తల్లి ఐదు తరాల లోపల ఉండే అవకాశం సగానికి సగమే అని ఆ కంపెనీ వాళ్లే చెబుతూ వచ్చారు. 95 శాతం నమ్మకం కావాలంటే 22 తరాలు వెనక్కి వెళ్లాలట, అంటే 500 ఏళ్ల పైమాటే. అన్నాళ్ల వెనకటి చుట్టరికమైతే అకిల్‌లో ఎవరైనా ఎవరికైనా కలుస్తారు.

మీ దగ్గర కాగితాలేం ఉన్నాయి? తాతమ్మ పేరు, పుట్టిన ఏడు చెప్పగలరా?

లిఫీ_గోదారి
తాతమ్మ పేరు డీలియా. 1862 ప్రాంతంలో పుట్టింది. ఆవిడ తల్లి హనోరా అని మాత్రం అత్తగారికి తెలుసు, పుట్టింటి పేరు తెలియదు. డీలియా పెళ్లి సర్టిఫికెట్ సైట్‌లో దొరికింది. అందులో ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు ఉన్నాయి గానీ తల్లుల ఊసే లేదు!

పాతరికార్డుల_పద్మ
ఉండదు. తల్లి వైపు వెతికే ప్రతివాళ్లూ వచ్చి ఆగేది ఇక్కడే. ఐర్లండ్ సివిల్ పెళ్లి రిజిస్టర్లో తండ్రుల పేర్లే రాసేవారు. మరణాల రిజిస్టర్లో అదీ లేదు. తల్లి పుట్టింటి పేరు కావాలంటే జనన రికార్డు చూడాలి, లేదా చర్చి బాప్టిజం రిజిస్టర్. అందరి జననాల రిజిస్ట్రేషన్ మొదలైంది 1864లో, మీ డీలియా రెండేళ్లు ముందుపడింది. పడమటి మేయోలో చాలా పేరిషుల రిజిస్టర్లు ఆలస్యంగా మొదలయ్యాయి, వాటి మీద ఆశ పెట్టుకోకండి.

జనగణన చూద్దామా అంటే అది ఇంకో ఏడుపు. 1821 నుంచి 1851 దాకా ఉన్నవి 1922 జూన్‌లో డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల మంటల్లో దాదాపు అన్నీ పోయాయి. 1861, 1871 కాగితాలు ప్రభుత్వమే అంతకుముందు పారేసింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గుజ్జు చేశారు. పూర్తిగా మిగిలిన వాటిలో పాతవి 1901, 1911. రెండూ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం.

అయినా మీకు రెండు దార్లున్నాయి. మొదటిది, డీలియాకి 1864 తర్వాత పుట్టిన తమ్ముళ్లో చెల్లెళ్లో ఉంటే వాళ్ల జనన రికార్డులో హనోరా పుట్టింటి పేరు ఉంటుంది. తండ్రి పేరు, ఊరు పెట్టి వెతకండి. హనోరాని గుమాస్తా ఎలా రాశాడో చూసుకోండి: నోరా, హానర్, ఆనర్, నానో, హనా ఏదైనా కావచ్చు. డీలియా కూడా బ్రిజెట్ అనే ఉంటుంది, లేదా బిడ్డీ.

రెండోది నాకు చాలా ఇష్టమైనది. 1909 జనవరిలో వృద్ధాప్య పింఛన్ మొదలైంది, 70 నిండినవాళ్లకి. పుట్టిన తేదీ రుజువు ఎవరి దగ్గరా లేదు. అందుకని అప్పటికింకా కాలిపోని 1841, 1851 జనగణన పుస్తకాల్లో తమ కుటుంబాన్ని వెతికి పెట్టమని జనం దరఖాస్తు చేసుకున్నారు. దరఖాస్తులో తల్లిదండ్రుల పేర్లు, ఊరు రాయాలి. గుమాస్తా వెతికి ఆ కుటుంబం వివరం కింద రాసేవాడు, దొరక్కపోతే దొరకలేదని రాసేవాడు. అసలు పుస్తకాలు బూడిదయ్యాయి, ఈ ఫారాలు మాత్రం మిగిలాయి. నేను చూసిన ఒక ఫారంలో దరఖాస్తుదారు సంతకం చోట గీత ఉంది, పక్కన "ఈమె గుర్తు" అని ఎవరిదో దస్తూరీ. హనోరా 1835 ప్రాంతంలో పుట్టి 1909 దాకా బతికి ఉంటే తప్పకుండా చూడండి.

ఓస్లో_ఓబులేసు
పక్కదారి పట్టిస్తున్నందుకు ఏమనుకోకండి. ఐరిష్ తల్లుల వంశం గురించి అయితే ఐస్‌లాండ్ మాట రాకుండా ఎలా? అక్కడి మగవాళ్లలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌లో మూడొంతుల పైన నార్వే వైపుది. ఆడవాళ్ల మైటోకాండ్రియాలో మటుకు దాదాపు 62 శాతం ఐర్లండ్, స్కాట్లండ్ వైపుదని 2000 తర్వాత వచ్చిన లెక్కలు. వైకింగులు దారిలో ఆ తీరాల నుంచి ఆడవాళ్లని తీసుకెళ్లారు. ఎక్కువమంది ఇష్టపడి వెళ్లి ఉంటారని నేననుకోను.

లాలాగూడ_లోకో
మా ఇంట్లో దీనికి తిరగేసిన కథ ఉంది. మేం ఆంగ్లో ఇండియన్లం, సికింద్రాబాద్, మూడు తరాలు రైల్వేలోనే. ఇంటి పేరు పక్కా ఐరిష్. మా ముత్తాత తండ్రి మద్రాస్ ఫ్యూజిలియర్స్‌లో సిపాయి అంటారు. ఈస్టిండియా కంపెనీ వాళ్లు మద్రాసులో నిలబెట్టిన ఆ రెజిమెంటే 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ మొదటి బెటాలియన్ అయింది. మా చెల్లి ఐర్లండ్ వెతుకుదామని మైటోకాండ్రియా టెస్ట్ చేయించుకుంది. "ఎం" అనే వంశం వచ్చింది! ఒకరోజంతా ఎవరితో మాట్లాడలేదు.

జీన్స్_మాస్టారు
లోకో గారూ, మీ చెల్లెలికి చెప్పండి, అది సరైన ఫలితమే. భారతదేశంలో సగానికి పైగా జనానిది ఎం. మీ ఐరిష్ సిపాయి ఇంటి పేరు ఇచ్చాడు, తల్లి గీత ఇక్కడి ఆవిడది. ఆవిడ పేరు ఏ రిజిస్టర్లోనూ ఉండకపోవచ్చు, ఉన్నా బాప్టిజం అప్పుడు పెట్టిన పేరే. ఆవిడ గురించి మీకు మిగిలిన గట్టి ఆధారం ఈ ఎం ఒక్కటే. ఐర్లండ్ కావాలంటే మీ నాన్నగారి వైపు మగవాళ్లలో ఎవరికైనా వై టెస్ట్ చేయించండి.

ఓబులేసు గారు చెప్పింది పక్కదారి కాదు. వచ్చిన గుంపులో మగవాళ్లెక్కువ, కలిసిన ఆడవాళ్లు అక్కడివాళ్లు: ఇది చాలా చోట్ల కనబడుతుంది. కొనాక్ట్‌లో, అంటే మేయో ఉన్న ప్రాంతంలోనే, 2000లో చూసిన మగవాళ్లలో 98 శాతం మందిది ఒకే వై వంశం. మైటోకాండ్రియా చూస్తే హెచ్, యు5, జె, టి, కె, వి అనే వంశాలన్నీ కలగలిసి ఉంటాయి. మన దగ్గరా స్టెప్పీ వాటా తండ్రుల వైపు ఎక్కువ, తల్లుల వైపు తక్కువ. లిఫీ గారూ, మీకు ఇంకో ముచ్చట. మన దగ్గర యు2 అనే వంశం బాగా ఉంది. యు5కీ దానికీ మూలం ఒకటే, 40 వేల ఏళ్లకి పైబడిన మాట. మీది గనక యు2 అయితే మీ అత్తగారితో మీకు కూడా దూరపు చుట్టరికం ఉన్నట్టే.

కర్నూల్_కిట్టు
మేనరికం కింద వస్తుందా మాస్టారూ 😂

మోడరేటర్
కిట్టు గారూ, విషయం మీద ఉండండి.

లిఫీ_గోదారి
నిన్న రాత్రి రాథ్లిన్ సంగతి చదివి వినిపించాను. అత్తగారు ఒప్పుకోలేదు. ఇంగ్లండ్‌లో వేల ఏళ్ల నాటి చెడ్డార్ గుహ మనిషి డీఎన్ఏ ఆ ఊళ్లోనే ఒక టీచర్‌తో కలిసిందిగా, పేపర్లో కూడా వచ్చిందిగా అన్నారు. పైగా మేయోలోనే కేజా ఫీల్డ్స్ ఉంది, బురద నేల కింద ఐదు వేల ఏళ్ల నాటి పొలం గోడలు దొరికాయి, మా వాళ్లు కట్టినవే అంటున్నారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

జీన్స్_మాస్టారు
చెడ్డార్ వార్త 1997 నాటిది. ఆ టీచర్ ఆ గుహ మనిషి సంతానమని శీర్షికలు పెట్టారు. మగవాడి మైటోకాండ్రియా తన పిల్లలకే వెళ్లదు, ఇంక సంతానం ఎక్కడ! ఇద్దరి తల్లి వంశాలూ యు5లో కలుస్తాయి, అంతవరకే నిజం. యూరప్‌లో పదిమందిని పట్టుకుంటే ఒకరు అలా కలవొచ్చు.

కేజా గోడలు కట్టింది వేటగాళ్లు కాదు, సేద్యం చేసినవాళ్లు. కాబట్టి ఆవిడ "తొలి వేటగాళ్లు", "గోడలు కట్టింది మావాళ్లే" అని రెండూ ఒకేసారి అనలేరు. అయితే ఆవిడ పక్షాన ఒక్క మాట. 2020లో అదే ట్రినిటీ బృందం న్యూగ్రేంజ్ తదితర రాతియుగపు సమాధుల డీఎన్ఏ అచ్చు వేసినప్పుడు, క్లేర్ కౌంటీలో పార్క్‌నబిన్యా సమాధిలో ఒకతనికి కొద్ది తరాల ముందు ఐరిష్ వేటగాళ్ల పూర్వీకులు ఉన్నట్టు తేలింది. అంటే స్థానిక వేటగాళ్లు పూర్తిగా తుడిచిపెట్టుకు పోలేదు, అక్కడక్కడ కలిశారు. మీ అత్తగారి గీత అలా మిగిలిందేమో, కాదేమో. తేలాలంటే ఆవిడకున్న యు5బి లోపలి చిన్న కొమ్మ ఏ పాత ఎముకలో దొరికిందో చూడాలి. కొమ్మ పేరు రిపోర్టులో పొడుగ్గా ఉంటుంది, అది పట్టుకుని వెతకండి.

పాతరికార్డుల_పద్మ
అది తేలేలోపు క్లీవ్‌లాండ్ ఆవిడకి ఒక మెయిల్ పెట్టండి. ఇద్దరూ ఆటోసోమల్ టెస్ట్, అంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే డీఎన్ఏని పోల్చేది, చేయించుకోవాలి. కథ నిజమైతే వాళ్ల తాతమ్మలు అక్కచెల్లెళ్లు, అంటే వీళ్లు థర్డ్ కజిన్స్. సగటున 70 సెంటిమోర్గాన్లకి (కలిసే డీఎన్ఏకి కొలత) కాస్త పైన కలవాలి. సున్నా వచ్చినా కథ అబద్ధం అయిపోదు, నిజమైన థర్డ్ కజిన్స్‌లో పదిమందిలో ఒకరికి ఏమీ కలవదు.

లిఫీ_గోదారి
చాలా రోజుల తర్వాత వస్తున్నాను, ఏమనుకోకండి. ఆటోసోమల్ వచ్చింది: 58 సెంటిమోర్గాన్లు. అత్తగారు ఆ నంబర్ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించారు. పింఛన్ ఫారాల్లో చూస్తే అదే ఊళ్లో ఇద్దరు హనోరాలు దొరికారు, వయసు కూడా ఒకటే. ఒకామె తల్లి మేరీ, రెండో ఆమె తల్లి క్యాథరిన్. డీలియా తమ్ముళ్ల జనన రికార్డు ఇంకా దొరకలేదు. ఏ హనోరా మాదో ఎలా తెలుస్తుంది?

జీన్స్_మాస్టారు
58 బాగుంది గానీ అకిల్ లాంటి చోట జాగ్రత్త. అక్కడివాళ్లు తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నారు, రెండు మూడు దారుల్లో కలిసి కూడా అంత రావచ్చు.

పాతరికార్డుల_పద్మ
ఇప్పుడు మైటోకాండ్రియా అసలు పని. ఇద్దరు హనోరాలకీ కూతుళ్లు, వాళ్లకి కూతుళ్లు, అలా దిగివచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో వెతకండి. చివరి మనిషి మగవాడైనా ఫర్లేదు. ఒకరికి టెస్ట్ చేయించండి. హెచ్ వచ్చిందనుకోండి, ఆ హనోరాని కొట్టిపారేయొచ్చు. యు5బి, అదీ అదే కొమ్మ వస్తే ఇంకా అనుమానమే, ఎందుకంటే ఇద్దరూ దూరపు చుట్టాలు కావచ్చు. ఈ టెస్టు "అవును" అన్నది తేల్చలేకపోయినా "కాదు" అన్నది గట్టిగా తేలుస్తుంది.

లిఫీ_గోదారి
క్యాథరిన్ కూతురు హనోరా వైపు ఒకావిడ అకిల్‌లోనే ఉన్నారు, రిటైర్డ్ నర్సు. అత్తగారికి చిన్నప్పుడు బడిలో సీనియర్ అట. ఆవిడ సరేనన్నారు గానీ, తన రిపోర్టు మా ఇంట్లో తప్ప ఎవరికీ చూపించకూడదని షరతు పెట్టారు. పూర్తి సీక్వెన్స్‌లో జబ్బుల సంగతి కూడా బయటపడొచ్చని ఆవిడకి తెలుసు. 2023లో ఒక పెద్ద కంపెనీ నుంచి 69 లక్షల మంది సమాచారం బయటికి పోయిన వార్త కూడా గుర్తుచేశారు.

జీన్స్_మాస్టారు
న్యాయమైన షరతే. కొన్ని కంటి జబ్బుల మార్పులు అందులో నిజంగానే కనబడతాయి. హనోరా సంగతి తేల్చడానికి పూర్తి సీక్వెన్స్ కూడా ముందే అక్కర్లేదు. హెచ్‌వీఆర్ అనే చిన్న భాగం చాలు, యు5 గుర్తులైన 16192, 16270 స్థానాల మార్పులు అక్కడే ఉంటాయి. అవి లేకపోతే ఆవిడని ఇంక ఇబ్బంది పెట్టకుండా ఆపేయండి. ఉంటే అప్పుడు మళ్లీ అడిగి, ఆవిడ ఊ అంటేనే మిగతాది చదివించండి.

లిఫీ_గోదారి
అలాగే మాస్టారూ. కిట్ డబ్బులు మా బావమరిదే పెడుతున్నాడు. వ్యాపారమన్నవాడే!